సాక్ష్యం చెప్పాక తిరిగొచ్చిన నొప్పి

నడుములో ఏదో తేడా ఉందని తెలిసిన రోజు నేను సర్వ్ ప్రాక్టీసు చేస్తున్నాను. కర్నూలులో పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. బంతి పైకి విసిరి వెనక్కి వంగాను. నడుము కింద, ఎడమ వైపు, లోపలెక్కడో సూది దిగినట్టయింది. ఇంకో బంతి వేశాను, మళ్లీ అదే. పట్టేసిందేమో అన్నాను. నాయన బంతుల బుట్ట పక్కకు జరిపి ఈ పొద్దుకు చాలన్నాడు.

నాయన అక్కడి క్లబ్బులో మార్కరు. కోర్టు తడుపుతాడు, గీతలు వేస్తాడు, సాయంత్రం ఆటకు ఒక మనిషి తక్కువైతే తానే రాకెట్ పట్టుకుంటాడు. నాకు టెన్నిస్ అలా అబ్బింది. పందొమ్మిదేళ్లకే ప్రొఫెషనల్ టోర్నమెంట్లకు వెళ్లేదాన్ని. రెండింటిలో ఒక్కో పాయింటు వచ్చింది. మూడో దాంట్లో కూడా వస్తేనే ప్రపంచ ర్యాంకింగుల్లో పేరు పడుతుంది. వచ్చిన పాయింట్లేమో ఏడాది దాటితే చెల్లవు. నా తొందరంతా అదే.

మొదట చూపించుకున్న డాక్టరు కండరం పట్టిందన్నారు. ఎక్స్‌రే నార్మల్. బిళ్లలు, పూతమందు రాశారు. బిళ్ల వేసుకుంటే హాయిగా ఉండేది, ఆ హాయిలో ఇంకా ఎక్కువ ఆడేదాన్ని. కొన్నాళ్లకు మంచం దిగాలంటే పక్కకు దొర్లి మోచేతి మీద లేవాల్సి వచ్చింది. అప్పుడు అమ్మా నాయనా నన్ను ఆర్థోపెడిక్ స్పెషలిస్టు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంఆర్ఐ రాశారు, ఆ తర్వాత సీటీ స్కాన్.

"ఎల్5లో, అంటే నడుము చివరి పూసలో, స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎముక సన్నగా చీలింది. ప్రస్తుతానికి ఒక వైపే. నడుము కదలకుండా బ్రేస్ వేసుకో, మూడు నెలలు రాకెట్ ముట్టుకోవద్దు," అన్నారు. మేము లేచాక మళ్లీ కూర్చోబెట్టి చెప్పారు. "నొప్పి పోయిందంటే ఎముక అతుక్కుందని కాదు. మూడు నెలలకు మళ్లీ సీటీ తీద్దాం. అది చూశాకే ఆట."

ఈ మాట నాయన విన్నాడు, నేను విన్నాను. అమ్మ బయట వరండాలో కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది.

కర్నూలు ఎండల్లో బ్రేస్ అంటే ఏమిటో వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. చెమటకు ఒళ్లంతా పొక్కింది. మాది కోడుమూరు దగ్గర పల్లె, తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. కర్నూలులో ఉంటున్నా ఆదివారాలు ఆ ఊరి చర్చికే వెళ్తాం. చర్చిలో ఆడవాళ్లందరం జంపఖానా మీద కూర్చుంటాం. నేను కింద కూర్చోలేనని ఊళ్లో మా వీధిలో ఉండే మార్తమ్మ అవ్వ, మూలనున్న దొంతిలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీయించి వేయించింది. పండు ముసలివాళ్లు నేల మీద, నేను కుర్చీ మీద. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. శుక్రవారాలు ఆడవాళ్లు నా కోసం ఉపవాసం ఉండేవాళ్లు. ఎండలో కూలికి పోయే మనుషులు నా నడుము కోసం కడుపు మాడ్చుకున్నారు.

రెండు నెలలయ్యేసరికి నొప్పి పోయింది. ఆ ఆదివారం పాస్టరయ్య, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు లేవమనగానే అమ్మ లేచి నిలబడింది. నాకు ముందు ఒక్క మాట చెప్పలేదు.

"నా బిడ్డ నడుమును ప్రభువు బాగుచేసినాడు. ఇప్పుడు నొప్పి అనేదే లేదు. మీ ఉపవాసాలు ఊరికే పోలేదు," అని ఏడ్చింది.

చర్చి అంతా స్తోత్రం అంది. ఎవరో నా కుర్చీ తీసుకుపోయి దొంతి మీద పెట్టారు. నేను కింద కూర్చున్నాను. ఆ రోజు నిజంగానే నొప్పి లేదు.

స్కాన్ రోజులు దగ్గరపడ్డాయి. అమ్మ వద్దంది. "సాక్ష్యం చెప్పినాక మల్లా స్కాన్ అంటే దేవున్ని శోధించినట్టే పాపా," అంది. డాక్టరు అట్లా చెప్పలేదే అని నాయన గొణిగాడు గానీ, అమ్మతో వాదించి నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు. నా పాత పాయింట్లకు గడువు ముంచుకొస్తోంది. స్కాన్ మానేసి రాకెట్ పట్టాను.

వారం తిరక్కముందే నొప్పి మళ్లీ మొదలైంది. ఎవరికని చెప్పను? నొప్పి ఉందంటే అమ్మ అందరి ముందు అబద్ధమాడినట్టు. అంతమంది ఆకలి వృథా పోయినట్టు. ఎట్లుండాది పాపా నడుము అని ఊళ్లో ఎవరు అడిగినా, బాగుండాది అనడం అలవాటైపోయింది. ఆదివారాలు ఆరాధన అయ్యాక అందరూ బయటికి పోయేదాకా ఆగి, గోడ పట్టుకుని లేచేదాన్ని.

టోర్నమెంటుకు వెళ్లాను. మొదటి రౌండు గెలిస్తే మూడో పాయింటు. మొదటి సెట్టు నాదే. రెండో సెట్టులో ఒక సర్వ్ వేసి కాలు నేలకు ఆనించగానే ఎడమ కాలు మొద్దుబారిపోయింది, మోకాళ్ల మీద కూలబడ్డాను. నన్ను కోర్టులోంచి మోసుకొచ్చారు.

తిరిగి అదే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసారి అమ్మ లోపలికి వచ్చింది. నొప్పి మళ్లీ ఎప్పుడు మొదలైందని ఆయన అడిగారు.

"మొన్న ఆటలోనే సార్. అంతకుముందు బాగుండె," అంది అమ్మ.

"మిమ్మల్ని కాదమ్మా. అమ్మాయిని అడుగుతున్నా."

"ప్రాక్టీసు మొదలుపెట్టిన వారం నుంచే సార్," అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పల్యా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

స్కాన్ తీస్తే, పూస రెండో వైపు కూడా విరిగిందని తేలింది. ఎముక ముందుకు జారి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేసి స్క్రూలు వేశారు. కుట్లు విప్పే రోజు, మళ్లీ ఆడొచ్చా అని అడిగాను. "ఆడొచ్చమ్మా, సరదాగా," అన్నారు డాక్టరు. ఆయన మంచి మాటే అనుకుని అన్నారు. నేను ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. మంచం మీద ఉండగానే రెండు పాయింట్లూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ర్యాంకింగుల్లో నా పేరు ఒక్క రోజు కూడా పడలేదు.

అమ్మ చర్చికి పోవడం మానేసింది. ఏ మొగం పెట్టుకోని పోయేది అనేది. తినడం కూడా తగ్గించింది. నా నడుము కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. చివరికి ఒక ఆదివారం నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. పాస్టరయ్య సాక్ష్యాలు అడిగినప్పుడు నేను లేచాను.

"అందరికీ వందనాలు. మా అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దు నాకు నొప్పి లేదు. ఇప్పుడు ఉండాది. ఇంగ ఎప్పటికీ కొంచెం ఉంటాదంట."

ఎవరూ స్తోత్రం అనలేదు. మార్తమ్మ అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, మూలకు పోయి, దొంతిలోంచి కుర్చీ లాగింది. నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి నా వెనక పెట్టింది.

"ఉంటే ఉండనీ. కూచో పాపా," అంది.

కూర్చున్నాను. అమ్మ నా కాళ్ల దగ్గర కింద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు పొద్దున్నే క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతున్నాను. బంతులు అందిస్తాను, సర్వ్ మాత్రం నాయన వేసి చూపిస్తాడు. చలికాలం స్క్రూలున్న చోట సలుపుతుంది. నాతో ఆడినవాళ్ల ఫలితాలు ఫోనులో చూడటం మానేశాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నొప్పి ఎలా ఉందని డాక్టరు అడిగేటప్పుడు రోగిని ఒంటరిగా వదిలి మీరు బయట కూర్చోండి. జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఇంటిల్లిపాదీ లోపలికి రండి. మేము ఈ రెండూ తలకిందులు చేసుకున్నాం.