ఎడమ చేతి నుంచి కుడి చేతికి

కరోనా తెరిపిచ్చిన మరుసటి ఏడు, వేసవిలో, మదనపల్లె శివారులోని ఒక చాకీ కేంద్రంలో నన్ను మేత గదికి మేస్త్రీగా వేశారు. గుడ్డు పగిలిన రోజు నుంచి రెండో జ్వరం దాకా పట్టుపురుగులను సాకి రైతులకు అప్పగించే చోటే చాకీ కేంద్రం. పురుగు మేత మాని, కదలకుండా కూర్చుని, పాత చర్మం విడవడాన్ని మేము జ్వరం అంటాము. అన్ని పురుగులూ ఒకేసారి జ్వరానికి కూర్చోవాలి. అందుకు ప్రతి దొంతరలోని ట్రేలకూ వేళకు సమంగా ఆకు పడాలి. నేను చదివింది నాలుగో తరగతే. పని మాత్రం ఇరవై ఏళ్లు చేశాను.

నా కింద షాహీన్ ఉండేది. ముప్పై అయిదేళ్ల మనిషి, పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆకు సన్నగా తరగడంలో ఆమెకు సాటి లేదు. కానీ ఎవరైనా పిలిస్తే బుట్ట దించి వెళ్లేది. తిరిగి వచ్చాక ఎక్కడ ఆపిందో తెలిసేది కాదు. ఒక దొంతరకు రెండు మేతలు పడేవి, పక్కదానికి పస్తు. "తల బస్సులోనే మరిసిపోయి వచ్చినావామ్మే?" అని రోజూ తిట్టేదాన్ని. తల వంచుకుని వినేది. మరునాడు మళ్లీ అంతే.

రామకుప్పం రైతు మునెప్ప పురుగులు తీసుకుపోయిన మూడో రోజే తిరిగి వచ్చాడు. సగం జ్వరానికి కూర్చుంటే సగం మేస్తూనే ఉన్నాయట. "ఒక తట్టలోనే తాతా మనవడూ ఉండారు కదమ్మా! ఎవురికి ఆకెయ్యాల, ఎవురికి మానాల?" అన్నాడు. వచ్చే విడత కూడా ఇలాగే అయితే షాహీన్‌ను మాన్పించమని యజమానికి నేనే చెప్పాను. ఆ మాట ఆమె ముఖం మీదా చెప్పాను.

మరునాడు ఆమె డాక్టరు చీటీ తెచ్చింది. కూతురికి చదువు మీద ధ్యాస నిలవడం లేదని బడివాళ్లు పంపితే, డాక్టరు తల్లినీ పరీక్షించి ఏడీహెచ్‌డీ అన్నాడట. ఆమెకున్న రకంలో గెంతడం, అల్లరి పెద్దగా ఉండవట, ధ్యాస జారిపోతుందట. నేను నమ్మలేదు. "మతిమరుపుకు డాక్టరు యాలమ్మే?" అన్నాను.

ఆమె వాదించలేదు. "నువ్వు సెప్పేది మనసులో నిలబడదమ్మా. చేతికి తగిలితే నిలబడతాది. పాత సైకిల్ ట్యూబు యాడన్నా ఉంటే ఈమ్మా" అంది.

మా ఇంట్లో ఏదీ పారేయం. ట్యూబు తెచ్చి ఇచ్చాను. దాన్ని పన్నెండు సన్నని పట్టీలుగా కోసి, గాజులు వెనక్కి తోసి, ఎడమ చేతికి వేసుకుంది. మా గదిలో పన్నెండు దొంతరలు. ఒక దొంతరకు మేత ముగియగానే ఒక పట్టీ కుడి చేతికి మారేది. ఎవరు పిలిచినా, మొదలుపెట్టిన దొంతర ముగిసి పట్టీ మారాకే పలికేది. గోడకు తగిలించే కత్తి, జల్లెడల చుట్టూ బొగ్గుతో గీత గీసింది. ఆ గీతలో ఖాళీ కనబడితే అప్పుడే వెతికేది.

తరువాతి విడతలో అయిదో రోజు, మేత మధ్యలో ఆమెను ఆకు దించుకోమని బయటికి పంపాను. తిరిగి వచ్చి ఏడో దొంతర దగ్గర బుట్ట ఎత్తింది. "అది అయిపోయింది, నేను కండ్లారా సూసినాను. ఎనిమిదికి పో" అన్నాను. ఆమె కుడి చేయి చాపింది. ఆరే పట్టీలు. "నువ్వు సూసింది పొద్దున మేతమ్మా" అంది.

ట్రే లాగాను. ఎండిన ఈనెలే మిగిలాయి. పురుగులు ఆకలికి అంచులకు పాకుతున్నాయి. నా మాట విని ఉంటే ఆ దొంతర పస్తుండేది. తప్పు నాది, పోయేది ఆమె పని.

ఆ విడత పురుగులన్నీ ఒక్కసారే జ్వరానికి కూర్చున్నాయి. మునెప్ప ట్రే ట్రేకూ వంగి చూసి, "ఈ తూరి అందురూ ఒకే ఈడోళ్లు" అన్నాడు. నేను యజమాని దగ్గరికి వెళ్లి నా మాట వెనక్కి తీసుకున్నాను. అంతకు ముందు ఎవరి విషయంలోనూ అలా చేయలేదు.

పని మానేటప్పుడు గది తాళం షాహీన్‌కే ఇప్పించాను. రోజూ నేను తిట్టిన తిట్లు చేయలేని పని ఒక పాత ట్యూబు చేసింది. తనకు ధ్యాస నిలవదని తెలిసిన మనిషి చేయి చూసుకుంటుంది. అన్నీ గుర్తుంటాయనుకున్న నేను చూసుకోలేదు. ఇప్పుడు ఆ గదిలో అందరి చేతులకూ పట్టీలు ఉన్నాయి. గుర్తుంటుందిలే అన్నవాళ్లకు షాహీన్ మేత బుట్ట ఇవ్వదు.