గుడ్వేగ్ నిద్ర లెక్క

మొదటి ఆవలింత రాగానే గుడ్వేగ్ అల్లిక సూదులు పక్కన పెట్టి మంచమెక్కుతుంది. వరస మధ్యలో ఉన్నా సరే. అది దాటిపోతే మళ్ళీ గంటన్నరకు గాని నిద్ర రాదని ఆమె లెక్క. లేవడమూ అంతే. నిద్ర లోతుకు దిగి, మళ్ళీ పైకి తేలుతుంది. అలా తేలినప్పుడు లేస్తేనే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. వేకువలోపు ఎన్ని మునకలు పడతాయో లెక్క చూసుకునే పడుకుంటుంది. అలారం ఎరగదు.

ఆమె అన్న ఐలర్ట్‌కు ఇదంతా నవ్వులాట. అతను ఉత్తరాన చివరికొసనున్న మా ద్వీపంలో స్యూర్ అనే ఆయన పడవ మీద చేపల వేటకు వెళ్ళేవాడు. ఒక చలికాలం కాడ్ చేపల వేటకు స్యూర్ గుడ్వేగ్‌ను కూడా రమ్మన్నాడు. రేవు షెడ్డులో చేపల తలలు కోస్తూ ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసిన చోటు అది. చెల్లెలితో ఒకే పడవలోనా అని ఐలర్ట్‌కు నామోషీ. బయలుదేరాల్సిన రోజు, ఆమె నిద్ర అట్టడుగున ఉండగా చెవి దగ్గర గిన్నె మోగించాడు. ఆమె దిమ్మెక్కి లేచి, బూట్లూ వానకోటూ తొడుక్కుంది. ఇంకా చాలా టైముంది, కూర్చో, నేను పిలుస్తాలే అన్నాడు. బల్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే మళ్ళీ మునిగిపోయింది. అతను పిలవకుండానే వెళ్ళిపోయాడు. మా రేవులో పడవ ఎవరికోసమూ ఆగదు.

"నిద్రమొహం అది, నేనేం చెయ్యను?" అన్నాడట పడవలో.

ఆ చలికాలమంతా ఆమె షెడ్డులోనే ఉండిపోయింది. అన్న నిద్రను గమనించడం మొదలుపెట్టింది.

పని దిగి వచ్చి, వేడిగా తిని, సోఫా మీద వాలడం ఇక్కడ అందరికీ అలవాటే. ఐలర్ట్ గురక ఎప్పుడు ఆగుతుందో, చెయ్యి ఎప్పుడు ఛాతీ మీంచి జారి వేలాడుతుందో వంటగదిలోంచి చూసేది. తొందరపడలేదు. సూర్యుడు అస్తమించని రోజులు రానిచ్చింది. అప్పుడు కిటికీలో పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉంటాయి.

జూన్‌లో ఒక సాయంత్రం ఆ చెయ్యి జారింది. ఆమె భుజం పట్టి కుదిపింది.

"అన్నయ్యా, ఏడైంది. స్యూర్ రేవులోనే ఉన్నాడు."

రెండూ నిజాలే. వేసవిలో పడవ బయలుదేరేది పొద్దున ఏడింటికి. ఐలర్ట్ రొట్టెల డబ్బా చంకన పెట్టుకుని, కోటు గుండీలు దారిలో పెట్టుకుంటూ పరిగెత్తాడు. రేవులో సగం ఊరు కాఫీ కప్పులతో కూర్చుని ఉంది. ఎవరినీ చూడకుండా పడవలోకి దూకి తాడు విప్పసాగాడు.

"ఏరా ఐలర్ట్, సాయంకాలం కాఫీకి డబ్బా కట్టుకొచ్చావా?" అన్నాడు స్యూర్.

వెనకాలే వచ్చిన గుడ్వేగ్ నవ్వులు ఆగేదాకా రేవు మెట్ల మీద నిలబడింది.

"నిద్రమొహం వాడు, నేనేం చెయ్యను?" అంది.

స్యూర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చలికాలం నాటి సంగతి అతనికి అప్పుడు అర్థమైంది.

సాయంకాలం ఐలర్ట్ అన్న పేరు అతనికి అతుక్కుపోయింది. పిల్లలు కూడా అలాగే పిలిచారు. ఆకురాలే వేళకు పడవ మానేసి, షెడ్డులో చేరాడు. ఆమె జాలిపడగా నేను చూడలేదు.

ఇప్పుడు స్యూర్ పడవలో ఆ చోటు గుడ్వేగ్‌ది. అన్నాచెల్లెళ్ళు ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నారు. పడుకునే ముందు ఇద్దరూ ఎవరి గదికి వాళ్ళు లోపల గడియ పెట్టుకుంటారు.