లైనులో మొదటి చెప్పు

ఒక మనిషి మీద ముప్ఫై ఒక్క మందికి ఒకే పొద్దున కోపం రావాలంటే, ఆ మనిషి ఎంత పెద్ద ఘనకార్యం చేసి ఉండాలో మీరే ఊహించుకోండి. నేను చేసింది మాత్రం చాలా చిన్న పని. ఒక వరండాలో ఉన్న కొన్ని వస్తువుల్ని అటువి ఇటు, ఇటువి అటు పెట్టాను. అంతే. ఎవరినీ తిట్టలేదు, ఏదీ దొంగిలించలేదు. పైగా ఎంతో అందంగా సర్దాను. అందంగా సర్దితే ఒక మనిషి చేతికందబోయే ఉద్యోగం జారిపోతుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఆ రోజుల్లో నేను చదివినన్ని పుస్తకాలు చదివినవాడు తార్నాకలో మరొకడు లేడని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం నాకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు.

అప్పుడు నేను క్యాంపస్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడులో ఉన్నాను. నా పరిశోధన రోజువారీ వస్తువుల మీద. చెంబు, చీపురు, గొడుగు, తాళంచెవి, ఇలాంటివాటిని మనుషులు ఎలా చూస్తారు, ఎందుకు చూడరు అన్నది విషయం. ఊళ్ళో వ్యవసాయం చేసుకునే మా నాయనకు దీన్ని వివరించడానికి నాలుగేళ్ళుగా తంటాలు పడుతున్నాను.

"చీపురును చూసుడు గూడ చదువేనా కొడుకా?" అని ఆయన అడిగేవాడు.

"చూసుడు వేరు, గమనించుడు వేరు నాయనా," అని నేను గొంతు కాస్త బరువు చేసుకుని చెప్పేవాణ్ణి.

ఆయన, "సరే, బువ్వ తిన్నవా?" అనేవాడు. ఆయనకు అర్థం కాలేదని నేను జాలిపడేవాణ్ణి. జాలిపడాల్సింది ఎవరి మీదో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా గైడ్ మేడమ్‌కు మాత్రం నా పరిశోధన బాగానే అర్థమైంది. అందుకే నా సెమినార్ పేపరు నా ముందు పడేసి, "ఇందులో అన్నీ పెద్ద పెద్ద మాటలే ఉన్నాయి. ఒక్క వస్తువు లేదు. సోమవారం నిజమైన వస్తువులతో రా. లేకపోతే రాకు," అంది.

ఆ బుధవారం సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. ఊళ్ళో యూరియాకు కరువొచ్చిందనీ, సొసైటీ ముందర పెద్ద లైనున్నదనీ, ఎండకు నిలబడలేక తన చెప్పులు లైన్లో పెట్టి ఉత్తకాళ్ళతో ఇంటికి వచ్చాననీ చెప్పాడు. నేను ఆ ఆ అంటూ సెమినార్ పేపరులో మొదటి వాక్యం దిద్దుకుంటున్నాను.

"ఇంటున్నవా?" అన్నాడు.

"ఇంటున్న నాయనా," అన్నాను. ఈ సంభాషణ మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఈ కథ.

గురువారం పొద్దున ఎనిమిదింటికి, కెమెరా ఉన్న మంచి ఫోన్ ఒకటి రూమ్మేట్‌ను బతిమాలి తీసుకుని, మెడలో ఐడీ కార్డు, చంకలో లావుపాటి నోటుపుస్తకంతో వస్తువుల వేటకు బయల్దేరాను. క్యాంపస్‌లో పాత భవనం ఒకటుంది. దాని వరండా చివర ఒక కిటికీ. ఆ వరండాలోకి తిరిగేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. నేల మీద, ఏటవాలు ఎండలో, కిటికీ దగ్గర్నుంచి మెట్ల దాకా వరసగా వస్తువులు. ఒక గొడుగు, నీళ్ళ సీసా, ఇటుక, టిఫిన్ డబ్బా, తువ్వాల చుట్టిన రాయి, చెప్పులు, సంచులు, పాత గైడు పుస్తకం. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

వరండా ఊడ్చినవాళ్ళు దొరికినవన్నీ ఇలా ఒక వరసలో పెట్టి పోయారనుకున్నాను. తమకు తెలియకుండానే ఎంత గొప్ప పని చేశారో అని వాళ్ళని లోపల్లోపల మెచ్చుకున్నాను. అయితే వరస నాకు నచ్చలేదు. రంగులు కలవడం లేదు. పొడుగువి, పొట్టివి కలిసిపోయి ఉన్నాయి. వంగి కూర్చుని పని మొదలుపెట్టాను. ఎర్రవన్నీ ఒక పక్కకు, స్టీలువన్నీ ఎండ పడే చోటికి, సంచులు గోడ వారకు చేర్చాను. అన్నిటికంటే ముందు, సరిగ్గా కిటికీ కింద, నల్ల రబ్బరు చెప్పు ఒకటి పడి ఉంది. ఒకటే. పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఉంది. ముందర అది ఉంటే ఫోటో మొత్తం వికారంగా ఉంటుందనిపించి, రెండు వేళ్ళతో పట్టుకుని స్తంభం వెనక్కి వేసేశాను.

ఎవరూ నన్ను ఆపలేదా అని మీరు అడగొచ్చు. ఆపలేదు. పైగా సాయం చేశారు. సగం పనిలో ఉండగా ఒకాయన బండి ఆపి, ఉరుకుతూ వచ్చి, "సార్, గిది ఏడ పెట్టాలె?" అని హెల్మెట్ నా చేతికిచ్చాడు. నా మెడలో కార్డు, చంకలో పుస్తకం చూసి నేను ఆఫీసు మనిషిననుకున్నాడు. సామాన్య జనంలో కూడా కళ అంటే ఇంత ఆసక్తి ఉందా అని నేను పొంగిపోయి, హెల్మెట్‌ను టిఫిన్ డబ్బాల మధ్యలో పెట్టించాను. ఆయన, "షుక్రియా సార్," అని చాయ్ తాగడానికి పోయాడు. అప్పుడే వచ్చి అవతల గుంజ దగ్గర కూర్చున్న వాచ్‌మన్ కూడా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను తల ఊపాను. నలభై ఐదు నిమిషాలు ఫోటోలు తీశాను.

పదింటికి వాచ్‌మన్ గట్టిగా ఒక కేక వేశాడు. "టోకెన్లు ఇస్తున్నరు, లైన్ల నిలబడున్రి."

భవనం వెనక చెట్ల కింద నుంచి, గేటు దగ్గర చాయ్ బండి నుంచి, లైబ్రరీ మెట్ల మీద నుంచి జనం వచ్చారు. తీరా చూస్తే అది తయారైన డిగ్రీ సర్టిఫికెట్లు చేతికిచ్చే కిటికీ. రోజుకు ముప్ఫై టోకెన్లే. ఆ ముప్ఫైలో ఉండాలని తెల్లారకముందే ఒక్కొక్కరు వచ్చి, తమకు బదులు ఒక వస్తువును నిలబెట్టి, నీడకు పోయి కూర్చున్నారు. నేను చెదరగొట్టింది వస్తువుల్ని కాదు, మనుషుల్ని.

"నా సీసా ఏదీ?"

"నా డబ్బా ఆరో నంబర్ల ఉండె. గోడకెవలు పెట్టిన్రు?"

"ఏంది సార్ గిది? ఏ లెక్కన పెట్టిన్రు?" అన్నాడు హెల్మెట్ ఆయన.

"రంగుల లెక్కన," అన్నాను.

ఆయన నా మొహం కేసి చూశాడు. "మీరు ఆఫీసోళ్ళు కాదా?"

"కాదు. రీసెర్చ్ స్కాలర్‌ను."

తర్వాత కాసేపు నేను విన్న మాటలు పుస్తకంలో రాయదగినవి కావు. నేనేమో అప్పటికీ, "వస్తువుకు దాని స్థానం..." అని ఏదో మొదలుపెట్టాను. వారాసిగూడ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, చేతిలో తన గొడుగు దొరకబుచ్చుకుని, "జర నోరు మూస్కో బిడ్డా," అన్నాడు. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. నేను మూసుకున్నాను.

దారి చూపించింది కూడా ఆయనే. "వస్తువులు పోతె పోనియ్యున్రి. ఎవల ఎనుక ఎవలు వచ్చిన్రో మనకు యాదికుండదా?" అన్నాడు.

ఉంది. అదే నన్ను ఆశ్చర్యపరిచింది. ఒకామె, "నేనొచ్చినప్పుడు ఈ పిల్ల తన బావ దుబాయి పోయిన ముచ్చట చెప్తుండె. ఆమె ఎనుకే నేను," అంది. ఇంకొకాయన, "ఈ తమ్ముడు నన్ను అగ్గిపెట్టె అడిగిండు. నా తర్వాతనే వచ్చిండు," అన్నాడు. మోకాళ్ళ నొప్పుల గురించి, బస్సు నంబర్ల గురించి, పిల్లల ఫీజుల గురించి నిలబడ్డప్పుడు మాట్లాడుకున్న ఉత్తుత్తి మాటలన్నీ ఒక్కొక్కటి బయటికి వచ్చి, లైను మళ్ళీ తయారైంది. పెద్దాయన ముందు. హెల్మెట్ ఆయన ముప్ఫయ్యో మనిషి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అందరికంటే గట్టిగా నేను పీల్చుకున్నాను.

అప్పుడొచ్చింది యాదమ్మ.

యాభై దాటిన మనిషి. ఉత్తకాళ్ళతో, చెమటలు కక్కుకుంటూ మెట్లెక్కి, లైను ముందుకు పోయి నేల మీద వెతకసాగింది. "నా చెప్పేదీ? గీడనే పెట్టిన. పొద్దుగాల ఐదింటికి. ఎవ్వలు రాకముందే."

"లైన్ల ఎనుకకు రా అమ్మా. బిడ్డ సర్టిఫికెటా?" అన్నాడు హెల్మెట్ ఆయన.

"బిడ్డది గాదు, నాది," అందామె. "గోల్నాక అంగన్‌వాడీల ఆయాను. ఇరవై ఏండ్ల సంది పిల్లల ముడ్లు కడుగుతున్న. దూరవిద్యల డిగ్రీ చేసిన. అది చూపిస్తె టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోనిస్తరు. ఇయ్యాల్నే ఆఖరు. సాయంత్రం ఐదింటి లోపట కాయితం ఇయ్యాలె. పొద్దుగాల చెప్పు పెట్టి, సెంటర్ తాళం తీసి పిల్లలకు ఇంత తినబెట్టి ఉరికొచ్చిన."

ఆమెతో ఎవరూ ఏ ముచ్చటా పెట్టలేదు. ఆమె వచ్చినప్పుడు ముచ్చట పెట్టడానికి అక్కడ ఎవరూ లేరు. పెద్దాయన, "నాకంటె ముందల ఏదో ఉండె. చీకట్ల కనబడలే," అని నిజమే చెప్పాడు. హెల్మెట్ ఆయన మొహం మారింది. ఆమె ముందు నిలబడితే ఆయన ముప్ఫై ఒకటి.

"గట్ల అందరు చెప్తరు. నేను గూడ సగం రోజు లీవు పెట్టొచ్చిన. సాక్ష్యమేది?" అన్నాడు.

యాదమ్మ సంచిలోంచి రెండో చెప్పు తీసి పట్టుకుంది. నల్ల రబ్బరు చెప్పు. "దీని జోడు. దానికి పిన్నీసుంటది," అంది.

నేను స్తంభం వెనక్కి పోయి ఆ చెప్పు తీసుకొచ్చి ఇచ్చాను.

"స్తంభం ఎనుక ఉంటె లైన్ల ఉన్నట్టెట్ల?" అన్నాడు హెల్మెట్ ఆయన.

అక్కడ ఊరుకుంటే నా పరువు కొంచెమన్నా మిగిలేది. గాలికి కొట్టుకుపోయిందేమో అనుకునేవాళ్ళు. ఆమె మొహం చూశాక ఊరుకోలేకపోయాను.

"లైన్లనే ఉండె," అన్నాను. "మొట్టమొదటుండె. నేనే తీసి పడేసిన."

"ఎందుకు?"

"ముందల అది ఉంటె ఫోటో బాగుండదని."

ముప్ఫై ఒక్క మంది నన్ను చూశారు. నాలుగేళ్ళుగా చూడడం గురించి చదువుతున్నాను గానీ, అందరూ కలిసి చూస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన గొడుగు నేలకు ఆనించి, "మొదట లేకపోతె ఈయన ఫోటోకు అడ్డమెట్లయితది? ఆమెదే ముందు," అని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన వెనక దుబాయి ముచ్చట చెప్పిన పిల్ల, ఆ పిల్ల వెనక ఆ ముచ్చట విన్నామె, అలా లైనంతా ఒక్కొక్క అడుగు వెనక్కి జరిగింది. చివర హెల్మెట్ ఆయన మెట్టు దిగాడు.

మొదటి టోకెన్ యాదమ్మకు అందింది. పన్నెండు కాకముందే సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని, రెండు చెప్పులూ వేసుకుని, స్తంభం పక్కన నక్కి ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"ఏం చదువుతున్నవు బిడ్డా?"

"వస్తువులను ఎట్ల చూడాలె అనమ్మా."

"ఎన్నేండ్లాయె?"

"నాలుగు."

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "డిగ్రీ నేను మూడేండ్లల్ల కొట్టిన," అంది. "పొద్దంత పని చేస్కుంట. నువ్వు గూడ జర జల్దీ నేర్చుకో."

హెల్మెట్ ఆయన బండి దగ్గర నిలబడి ఉంటే పోయి, ఆయన కోసం మర్నాడు నేనే లైన్లో ఉంటానని చెప్పాను. "రంగుల లెక్కన నిలబడకు," అన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి ఆ కిటికీ కింద నా చెప్పులు పెట్టాను. పెట్టి పోలేదు. నాలాంటివాడు ఇంకొకడు ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే ఏం కావాలి? చల్లటి బండల మీద ఉత్తకాళ్ళతో కాపలా కూర్చున్నాను. ఏడింటికి నాయన ఫోన్ చేశాడు.

"ఏడున్నవు కొడుకా?"

"లైన్ల ఉన్న నాయనా. చెప్పులు పెట్టిన."

జరిగిందంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాటా అనలేదు. ఆ ఆ అని కూడా అనలేదు. ఆయన నిజంగా వింటున్నాడు. అయిపోయాక, "యూరియా దొరికిందా నాయనా?" అని అడిగాను. బుధవారం అడగాల్సిన మాట శుక్రవారం అడిగాను.

"దొరికింది. రెండు బస్తాలు," అన్నాడు. తర్వాత, "మా లైనుకు గూడ పేపరోళ్ళు వచ్చి చెప్పులను ఫోటో తీసిన్రు. వాళ్ళు ఎంత చదివిన్రో నాకెర్క లేదు. గని ముట్టుకోలే," అన్నాడు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, పిన్నీసు గుచ్చిన ఆ చెప్పు సాక్షిగా నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. నా ప్రాణమున్నంత వరకు ఏ గుమ్మం ముందు గానీ, ఏ వరండాలో గానీ, ఒకరు వదిలిన చెప్పును ఒక్క అంగుళం కూడా జరపను. మా ఇంటి గుమ్మంలో నా భార్య చెప్పులు దారికడ్డంగా పడి ఉన్నా సరే, ముందు ఆమెను పిలిచి, ఎంతసేపట్నుంచి లైన్లో ఉన్నావని అడిగిగానీ లోపలికి అడుగు పెట్టను.