ముహూర్తానికి బయల్దేరిన బ్యాగు

కొడైకెనాల్ కొండెక్కి దుప్పట్లో ముడుచుకుని, కారైకుడి ఎండలో తుమ్ముకుంటూ తిరిగొచ్చిన మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులు పడకండి. ఆ ఘనుణ్ని నేనే.

పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణమది. మా ఆవిడ హేమ కోరిక ఒక్కటే: కొండమీద పొగమంచులో నా చెయ్యి పట్టుకుని నడవాలట. నేనేమో చెన్నైలో షోళింగనల్లూరు ఆఫీసులో ప్రాజెక్టులకు ప్లాన్లు వేసేవాణ్ని. ఆ విద్యనంతా ఈ బుల్లి ప్రయాణం మీద కుమ్మరించాను. పళ్లెప్పుడు తోముకోవాలో కూడా ఎక్సెల్‌లో రాశాను. అందులో "ఉదయం ఏడు: పొగమంచులో నడక" అని చూసి హేమ అడిగింది.

"పొగమంచుకి చెప్పేసినారా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వడం నా హోదాకు తగదని ఆ గడికి పసుపు రంగు వేసుకున్నాను.

జార్జిటౌన్‌లో మా ఇంటికి అసలు మేనేజరు మా అవ్వ. రైలు గురువారం సాయంత్రమని తెలియగానే ఆమె తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"గురువారం దక్షిణానికి శూలరా. పోగూడదు."

"రైలుకి శూల తెలీదవ్వా. టికెట్టు తీసేశాను."

"సరి, అట్లయితే బుధవారమే ప్రస్థానం పెట్టేయ్. ఎదురింటి సరోజత్త చెయ్యి మంచిది."

ప్రస్థానమంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. మంచి ఘడియలో మన సామాను ఒకటి ఇంకొకరింట్లో పెడితే, ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు మనం ఏ పాడు వేళలో బయల్దేరినా ఫరవాలేదు, పోతూ పోతూ దాన్ని తీసుకుంటే చాలు. మళ్లీ మనింట్లోకి మాత్రం తేకూడదు. మావాళ్లు తరతరాల వ్యాపారస్తులు కదా, దేవుడితో కూడా ఇలా బేరం కుదుర్చుకున్నారు.

"ఏదో ఒక ఉత్త సంచీ పెట్టేస్తాలే," అన్నాను.

"ఉత్త సంచీ పోతే ఉత్త ప్రయాణమేరా. దారిలో వాడే వస్తువు పెట్టాల."

నా మెదడు చురుగ్గా పనిచేసింది, అదే వచ్చిన చిక్కు. రైల్లో అక్కర్లేనివీ, కొండమీద తప్పనిసరైనవీ ఏవి? స్వెటర్లు, శాలువలు, మంకీ టోపీలు. అన్నీ ఒకే నీలం బ్యాగులో కుక్కి బుధవారం సరోజత్తకు అప్పగించాను.

గురువారం మా సందులో చేతిబండ్లు అడ్డం తిరిగి ట్యాక్సీ లోపలికి రాలేదు. మేం వెనక గుమ్మం నుంచి పెద్ద రోడ్డుకు పరిగెత్తి రైలందుకున్నాం. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. మేం బిడ్డను ఎదురింట్లో పెట్టి ఊరే దాటేశాం.

కొండెక్కి కారు దిగగానే హేమ పళ్లు టకటకమన్నాయి. "స్వెటరు ఇవ్వండి," అంది. నేను అవ్వకు ఫోన్ చేశాను.

"బ్యాగా? అది ఈడనే ఉండాదిరా, సరోజ ఇంట్లో. నువ్వు తీసుకోలేదా, ఐయ్యో!"

"వెంటనే పార్సెల్ బస్సులో వేయించవ్వా!"

అక్కడే రెండు స్వెటర్లు కొనుక్కోవచ్చుగా అంటారేమో. హేమ కూడా అదే అంది. "బ్యాగు రేపొస్తుంది, ప్లాను మార్చేశాను," అన్నాను గంభీరంగా. రెండు రోజులు హోటలు కంబళ్లలో కూర్చుని కిటికీలోంచి పొగమంచును చూశాం. అది మాత్రం నేను రాసినట్టే సరిగ్గా ఏడింటికి వచ్చింది. హేమ అద్దం మీద వేలితో ఏదో గీసి, తుడిచేసింది. అప్పుడు నిజంగానే సిగ్గేసింది. అయినా కొనలేదు.

ఆదివారం పొద్దున పార్సెల్ వాళ్లు బ్యాగు వచ్చేస్తోందన్నారు.

"ఒక్క గంట ఆగుదామండీ. కాసేపు నడిచొద్దాం," అంది హేమ.

"కుదరదు. ఎనిమిదింటికి కారైకుడి బయల్దేరాలి. ప్లాను ప్లానే."

ఘాటు రోడ్డు సగం దిగామో లేదో హోటలు నుంచి ఫోన్. "సార్, మీ బ్యాగు వచ్చింది."

"కారైకుడి హోటలుకి పంపేయండి!" అని ఆజ్ఞాపించాను. అక్కడి పాత మేడల్లో నేను స్తంభానికొక తుమ్ము చొప్పున తుమ్మాను. సాయంత్రం రైలెక్కేశాం. మర్నాడు బ్యాగు ఆ ఊరూ చేరింది. ఇక ఇంటికే పంపేయమన్నాను.

మేం ఇల్లు చేరిన నాలుగో రోజున అదీ వచ్చింది. ఒక్క గీత పడలేదు, ఒక్క గుండీ ఊడలేదు. అవ్వ దాన్ని ముద్దుగా నిమిరింది.

"చూడరా, ముహూర్తానికి బయల్దేరింది. కొండ చూసింది, ఊరు చూసింది, క్షేమంగా వచ్చింది. నువ్వేం తెచ్చినావు?"

జవాబుగా తుమ్మాను.

హేమ బ్యాగులోంచి తన స్వెటరు తీసి, మే నెల ఉక్కలో భుజాన వేసుకుంది. "అవ్వా, ఈసారి ప్రస్థానానికి ఈయన్ని పెట్టేద్దాం. బ్యాగూ నేనూ పోయొస్తాం."

"సరోజని అడుగుతానుండు," అంది అవ్వ, నవ్వకుండా.

ఆ నీలం బ్యాగు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ప్లాను వెయ్యను. బ్యాగు ఎటు పోతే, హేమ చెయ్యి పట్టుకుని, దాని వెనకే పోతాను.