వరుసలో నిలబడిన మునసబు

పోయిన నెల ఏదో పింఛను పని మీద నివాస ధ్రువపత్రం కావలసి వచ్చి, మదనపల్లెలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న వార్డు సచివాలయానికి నడిచి వెళ్లాను. అక్కడి ఉద్యోగిని మా మనవరాలి కంటే ఒకటి రెండేళ్లు పెద్దదై ఉంటుంది. నా బొటనవేలును యంత్రం మీద మూడుసార్లు పెట్టించింది. వయసుకు గీతలు అరిగిపోయాయో, ఇన్నేళ్లు కలం నొక్కి పట్టినందుకో గాని యంత్రం నన్ను గుర్తుపట్టలేదు. ఆ అమ్మాయి విసుక్కోకుండా సెల్‌ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి, కళ్లు ఒకసారి ఆర్పమంది. ఆర్పాను. ఐదు నిమిషాల్లో కాగితం చేతికొచ్చింది. అందులో మా నాన్న పేరు కూడా తప్పు లేకుండా ఉంది. ఆ పేరు గల మనిషి ఎవరో ఆ అమ్మాయికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. నేను మాత్రం ఆ పేరు చూసుకుంటూ బయట మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నా ఈడు వారికి మునసబు అంటే ఎవరో చెప్పనక్కరలేదు. ఈ కాలం పిల్లలకు చెప్పాలంటే మాత్రం కష్టం. పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ, రోడ్డు నుంచి మైలున్నర లోపలికి ఉండే మా పల్లెలో పన్ను వసూలు చేసేదీ, చిన్న తగాదాలు తీర్చేదీ, ఎవరు పుట్టారో ఎవరు పోయారో రిజిస్టరులో రాసేదీ, ఫలానావాడు ఈ ఊరివాడే అని రాసిచ్చేదీ ఆ ఒక్క మనిషే. ఆ ఉద్యోగానికి పరీక్ష లేదు, ఎన్నిక లేదు. తాత చేశాడు కాబట్టి తండ్రి, తండ్రి చేశాడు కాబట్టి కొడుకు. పుంగనూరు జమీను నడిచిన రోజుల్లో మా ముత్తాత చేశాడట. తెల్లవాడు వెళ్లిపోయాడు, జమీను రద్దయింది, మద్రాసు పోయి కర్నూలు, కర్నూలు పోయి హైదరాబాదు రాజధాని అయింది. పైన ఎన్ని మారినా మా ఇంటి అరుగు మీది దస్త్రాల పెట్టె మాత్రం మారలేదు.

మా నాన్నకు దేశమంటే పిచ్చి. ఇరవై ఏళ్లు నిండక ముందే ఖద్దరు కట్టాడు, మదనపల్లెలో సభ జరిగితే పొద్దున్నే నడిచి వెళ్లి పొద్దుగూకే వేళకు నడిచి వచ్చేవాడట. స్వాతంత్ర్యం వచ్చిన రోజు బడి ముందు వెదురుబొంగు పాతి జెండా ఎగరేసింది ఆయనే. ఊరందరికీ బొరుగులూ బెల్లమూ పంచాడు. ఆ తరువాత మూడు పదుల ఏళ్లకు పైగా, ఆ ఖద్దరు చొక్కాతోనే, తాత ఇచ్చిన అరుగు మీద కూర్చుని మునసబు పని చేశాడు. ఈ రెండింటికీ పొసగదని ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు.

ఒక ఆచారం గురించి ఇక్కడ చెప్పాలి, చెప్పడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది. ఊరి చివర చిన్న చర్చి ఉండేది, దాని చుట్టూ ఇరవై ఇళ్లు. ఆ వీధివాళ్లు ఎవరైనా కాగితం కోసం వస్తే నాన్న రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఆ కాగితాన్ని అరుగు అంచున పెట్టి పైన ఒక గులకరాయి ఉంచేవాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాక వాళ్లు రాయి పక్కకు జరిపి కాగితం తీసుకునేవారు. మిగతా రైతులకు చేతికే ఇచ్చేవాడు. ఆ గులకరాయి కాగితం గాలికి ఎగిరిపోకుండా పెట్టే జాగ్రత్త అని నేను పదేళ్లు వచ్చేదాకా అనుకున్నాను. గాలి లేని రోజున కూడా రాయి ఉంటుందని గమనించడానికి అంత కాలం పట్టింది.

నేను చదువు ముగించి మదనపల్లెలో ఒక దినపత్రికకు విలేకరిగా కుదురుకున్న కొన్నేళ్లకు, వంశపారంపర్య గ్రామోద్యోగాలన్నిటినీ ఒక్క ఆర్డినెన్సుతో ప్రభుత్వం రద్దు చేసింది. సాయంకాలం రేడియోలో చెప్పారు. నేను ఆ రాత్రికే ఒక వ్యాసం రాసి పంపాను. పుట్టుకతో వచ్చే అధికారం ప్రజాస్వామ్యంలో చెల్లదనీ, ఆ పని ఎప్పుడో జరగవలసిందనీ రాశాను. రాసిన ప్రతి మాటా నమ్మే రాశాను, ఇప్పటికీ అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. అయితే రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది రాష్ట్రం, చట్టం, చరిత్ర. మా ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషి కాదు. పత్రిక మధ్యాహ్నం బస్సులో మా పల్లెకు చేరేది. నాన్న చదివి, మడిచి, చూరులో దోపాడని అమ్మ తరువాత చెప్పింది. వారం తిరక్కుండానే పుంగనూరు తాలూకా కచేరి నుంచి జీపు వచ్చి, ఎర్రగుడ్డల్లో కట్టిన దస్త్రాలనూ పెట్టెనూ ముద్రనూ ఎక్కించుకుని పోయింది.

ఈ లోపల ఒక తప్పు జరిగింది. రేడియోలో వార్త విన్న మరునాడు పొద్దున్నే చర్చి వీధి నుంచి ఒకాయన వచ్చాడు. మా పొలంలోనే ఎన్నో ఏళ్లు మడక దున్నిన మనిషి. ఆయన భార్య మదనపల్లె మిషను ఆసుపత్రిలో ఆయాగా పని చేసేది. వాళ్ల కూతురికి అక్కడే నర్సు శిక్షణలో సీటు వచ్చింది. పుట్టిన ఊరికీ తేదీకీ ధ్రువపత్రం తెచ్చి చూపిస్తే చేర్చుకుంటారు. నాన్న అలవాటుగా రిజిస్టరు తీశాడు, రాశాడు, మునసబు అని కింద సంతకం చేసి ముద్ర కొట్టి, అరుగు అంచున పెట్టి, రాయి ఉంచాడు. దస్త్రాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి గనుక చెల్లుతుందనుకున్నాడో, అసలు అనుకోనే లేదో. పది రోజుల తరువాత ఆసుపత్రివాళ్లు ఆ కాగితం తిప్పి పంపారు. రాసిన తేదీనాటికి ఆ ఊరికి మునసబే లేడు, ఇది చెల్లదు, వచ్చే శుక్రవారం లోపల సరైనది తేకపోతే సీటు మరొకరికి ఇస్తాం అన్నారు. సరైనది ఇవ్వాలంటే రిజిస్టరు కావాలి. ఆ రిజిస్టరు, తాలూకాలోని అన్ని ఊళ్ల దస్త్రాలతో కలిసి, పుంగనూరు కచేరిలో సీలు వేసిన గదిలో ఉంది. జాబితాలు పూర్తయ్యేదాకా ఆ గది తీయరు.

ఆ అమ్మాయి తల్లి బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి పని నుంచి నేరుగా, మదనపల్లెలో నేను ఉంటున్న గదికి వచ్చింది. కోపంతో రాలేదు, కన్నీళ్లూ పెట్టలేదు. వాకిట్లో నిలబడి జరిగింది మొదటినుంచి చివరిదాకా చెప్పి, నేను ఈ నాటికీ మరిచిపోలేని ఒక మాట అడిగింది.

"నువ్వు పేపర్లో రాసింది మా పాప సదివి ఇనిపించిందప్పా. ఇంక మునసబులు లేరంట, బాగుండాది. మరి నా బిడ్డ ఆ ఊర్లో పుట్టిందని ఇప్పుడు ఎవురు సెప్పాల?"

వ్యాసంలో ఎక్కడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ సాయంకాలం బస్సుకే ఊరికి వెళ్లి నాన్నకు చెప్పాను. మేమిద్దరం వ్యాసం తరువాత మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆయన గడువు ఎప్పటిదాకా అని మాత్రం అడిగాడు. నేను కచేరిలో తెలిసినవాళ్లున్నారు, పత్రిక పేరు చెప్పి అడుగుతానంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఊళ్లో కొందరు, దొంగ కాగితం రాశాడని మునసబు మీదే కేసు పెడతారు, కదలకుండా ఉండమని అప్పటికే హెచ్చరించారట. అది విన్నాక కూడా ఆయన, తానే కచేరికి వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు.

గురువారం పొద్దున మొదటి బస్సుకు నాన్న, ఆ అమ్మాయి తండ్రి, నేను పుంగనూరు వెళ్లాము. అంతకు ముందు నాన్న ఎన్నిసార్లు ఆ కచేరికి వెళ్లినా పక్కవాకిలి గుండా లోపలికి పోయేవాడు, ఎవరో ఒకరు కుర్చీ వేసేవారు. ఆ రోజు కూడా కాళ్లు వాటంతట అవే పక్కవాకిలి వైపు తిరిగాయి. వాకిట్లో కూర్చున్న కుర్ర గుమాస్తా తల ఎత్తకుండానే అడ్డుకున్నాడు.

"యాడికప్పా, నేరుగా లోపలికి పోతాండావు? అందురూ వరసలో నిలబడుండారు, సూడు."

నాన్న తిరిగి వచ్చాడు. వరుస కచేరి మెట్ల నుంచి రోడ్డు దాకా ఉంది. ఆ అమ్మాయి తండ్రి అప్పటికే చోటు పట్టుకుని, నాన్నను చూడగానే పక్కకు ఒదిగి, తన ముందు నిలబడమన్నాడు. నాన్న ఆయన వెనకే నిలబడ్డాడు.

"నువ్వు ముందొచ్చినావు, ముందర నువ్వే ఉండు. నేను సాచ్చికానికి వచ్చినోణ్ణి."

రెండు గంటలు ఎండలో ఉన్నాము. మా వెనక కురబలకోట వైపు నుంచి పుంగనూరుకు మారి వచ్చిన ఒక ముసలి గొర్రెల కాపరి నాన్నను గుర్తుపట్టి, మునసబు కాళ్లు కూడా నొస్తాయా రెడ్డెప్పా అని పలకరించాడు. ఎకసెక్కెమో, నిజంగా అడిగాడో తెలియదు. నాన్న కాలు మార్చుకుని, "ఈ పొద్దే తెలిసిందప్పా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా కొంచెం నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

తహసీల్దారు మంచి మనిషే గాని నిక్కచ్చి మనిషి. రద్దయిన తరువాత సంతకం పెట్టడం తప్పని తెలుసా అని మొదటే అడిగాడు. తెలుసనీ, రేడియోలో విన్నాననీ, చెయ్యి అలవాటు మానలేదనీ నాన్న చెప్పాడు. తప్పు తనదేననీ, బిడ్డకు దానితో సంబంధం లేదనీ రాసుకోమన్నాడు. రిజిస్టరు చేతిలో లేకుండా పుట్టిన తేదీ ఎలా చెప్పగలవని ఆయన మళ్లీ అడిగితే, నాన్న తేదీ చెప్పి, అది ఎలా గుర్తుందో కూడా చెప్పాడు.

"ఆ ఏడు తొలివాన పడిన మరునాడు సామీ. శెనక్కాయ విత్తనానికి అందురమూ సేన్లో ఉండాము. పెండ్లానికి నొప్పులొచ్చినాయని ఎవురో కేకేస్తే ఈ మనిషి సగం సాల్లో మడక ఇడిసిపెట్టి పరిగెత్తినాడు. ఆ మడక నాది. మాపటికి నా సేత్తోనే రాసినాను, తేదీ యాల మరుస్తాను?"

ఆ తేదీనే రాసుకోమని తహసీల్దారు గుమాస్తాకు చెప్పాడు. వాంగ్మూలం రాసుకున్న గుమాస్తా నాన్న పేరు పక్కన మాజీ మునసబు అని వేస్తే, అది కొట్టేసి రైతు అని రాయమన్నాడు నాన్న. రాశారు. నాన్న సంతకం పెట్టాడు. దరఖాస్తుదారుగా ఆ అమ్మాయి తండ్రి కూడా పెట్టాలి. కలం కోసం ఆయన బల్ల వైపు చూశాడు, అది బల్ల మీద పెడతారనే అలవాటుతో. నాన్న కలాన్ని ఆయన చేతిలో పెట్టాడు. మిషను బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో ఆయన నిదానంగా తన పేరు రాశాడు. మా నాన్న అక్షరాల కంటే అవి ఎంతో బాగున్నాయి. ఆ తరువాత కొంతసేపు ఇద్దరూ ఎటు చూడాలో తెలియనట్టు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

శుక్రవారం కాగితం అందింది, అమ్మాయి చేరింది, కేసు ఏదీ రాలేదు. ఊళ్లో మాత్రం మాట లేచింది. మా పెద్దనాన్న ఇంటికి వచ్చి, నేను వింటూ ఉండగానే, కొడుకు కలంతో కుర్చీ పీకినాడు, తండ్రి పోయి వాళ్ల వెనకాల నిలబడినాడు, ఇంక ఈ ఇంటికి ఏం మిగిలిందని అడిగాడు. నాన్న ఆయనకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరుగడు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"ఇది జెండా ఎగరేసిన దినమే పోవాల్సింది అన్నా. మనమే ఇన్నేండ్లు దాంచిపెట్టుకోని కూచున్నాము."

నన్ను సమర్థిస్తూ ఆయన అన్న మాట అదొక్కటే. నా వ్యాసం గురించి అటుపైన బతికిన పదిహేనేళ్లలో మంచి గాని చెడు గాని చెప్పలేదు.

నాన్న పోయిన కొన్నేళ్లకు పత్రిక పని మీద కుప్పం వెళ్లాను. శాంతిపురం దగ్గర రాతి క్వారీలో ప్రమాదం జరిగి, దెబ్బలు తగిలిన కూలీలను అక్కడి ఆసుపత్రికి తెచ్చారు. ఒక నర్సు మంచాల మధ్య తిరుగుతూ ఒకరిని తెలుగులో, ఒకరిని కన్నడంలో, మరొకరిని అరవంలో పేరూ ఊరూ అడిగి రాసుకుంటోంది. కుప్పంలో అది వింత కాదు, రెండు మైళ్లు నడిస్తే భాష మారే చోటు అది. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది. మా నాన్న గురించి అడిగింది, చెప్పాను. ఆమె తండ్రి కూడా లేడట. ఆనాటి వాంగ్మూలానికి నకలు ఒకటి ఆయన చివరిదాకా బైబిల్లో పెట్టుకున్నాడనీ, కూతురి పేరు కోసం కాదు, రెండు సంతకాలు పక్కపక్కన ఉన్నందుకనీ ఆమె చెప్పింది. చెప్పి, మరో మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరి వాకిట్లోనూ ఎవరూ నిలబడనక్కరలేదు. పల్లెలో పుట్టిన బిడ్డ వివరం సాయంకాలానికి యంత్రంలోకి ఎక్కుతుంది. అది మంచి మార్పే, దాని కోసమే కదా వాదించాను. తాతల పెట్టెలు తిరిగి రావాలని నేను కోరను. కాని ఏ వాన తరువాత ఎవరి ఇంట బిడ్డ పుట్టిందో తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మా పల్లెలో ఇప్పుడు నేను దిగితే నా పేరు తెలిసినవాళ్లు నలుగురు ఉంటారేమో.

నన్ను బాధ పెట్టేది మరొకటి. రాజ్యాలు ఎలా మారతాయో నా ఉద్యోగకాలమంతా రాశాను. జీవోలు, ఆర్డినెన్సులు, కొత్త మండలాలు, కొత్త జిల్లాలు, అన్నీ నా చేతి మీదుగా అచ్చయ్యాయి. ఆ గురువారం సాయంకాలం కూడా మదనపల్లె తిరిగి వచ్చి, అలవాటుగా బల్ల ముందు కూర్చుని ఆ రోజు వార్తలు పంపాను. మార్కెట్లో టమోటా లారీల గురించో, బస్టాండు మరమ్మతుల గురించో, ఇప్పుడు గుర్తులేదు. పుంగనూరు తాలూకా కచేరి ముందు ఒక మనిషి తన వంతు కోసం రెండు గంటలు నిలబడ్డాడన్నది వార్త అని నాకు తోచలేదు. ఆయన బతికి ఉండగా రాసి ఉంటే, మధ్యాహ్నం బస్సులో వచ్చిన పత్రికను మడవకుండా ఒక్కరోజైనా బల్ల మీద ఉంచుకునేవాడేమో.