చిన్నక్క కూర్చోదు

మా కాలేజీలో చిన్నక్క కూర్చుని ఉండగా చూశామని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మదనపల్లెలో మాది ఇంటర్ కాలేజీ. నేను అక్కడ పీడీని, పేరు రాజేంద్ర. పిల్లల్ని పరిగెత్తించడం నా ఉద్యోగం, అరవడం నా అలవాటు. చిన్నక్క అటెండరు. ప్రిన్సిపాల్ గది తలుపు పక్కన ఆమెకో స్టూలుంది. దాని మీద ఫైళ్లు కూర్చుంటాయి, టీ ఫ్లాస్కు కూర్చుంటుంది. ఆమె మాత్రం కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉంటుంది. బెల్లు మోగితే లోపలికి, మోగకపోతే గేటు దాకా.

“ఒక్కచోట కుదురుగా ఉండలేవా తల్లీ? నాకు కళ్లు తిరగతాండాయి!” అని కసిరితే, “మీరు సూసేది మానుకోండి సార్,” అనేది.

ఆమెకు యాభై రెండేళ్లు. పుంగనూరు రోడ్డులో పదకొండో కిలోమీటరు దగ్గర ఊరు. బుద్ధి తెలిసినప్పటి నుంచి కూలికి పోయింది. వేరుశనక్కాయలు పీకింది, రాగులు కోసింది, టమోటా గంపలు మోసింది. మొగుడు కొండప్ప మా కాలేజీలోనే అటెండరు. పదహారేళ్ల కిందట అతను గుండె ఆగి పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. దాంతోపాటు అతని సైకిలూ ఈమెకే మిగిలింది. మధ్యలో కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిలు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మా వైపు కొండ గట్లెక్కుతూ దిగుతూ రోజూ వచ్చిపోయేది. బస్సులో రావచ్చు కదా అంటే, బస్సులో కూర్చోవాలి కదా అనేది. తమాషాకి అంటుందనుకునేవాణ్ణి.

మాకో సైకిల్ క్లబ్బుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లం తొమ్మిది మందిమి. ఆదివారాలు పుంగనూరు మీదుగా కుప్పం దాకా తొక్కి, గేర్ల సైకిళ్ల పక్కన నిలబడి ఫొటోలు పెట్టుకునే బాపతు. పోయినేడు ఇంటర్ పరీక్షలు అయిపోగానే పెద్ద యాత్రకు సిద్ధమయ్యాం. ఇచ్ఛాపురం నుంచి వాకాడు పక్కనున్న తూపిలిపాలెం దాకా సముద్రం ఒడ్డునే దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు, ఇరవై రోజులు. ప్లాను నాదే. దూరంగా ఉన్న ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి ఇంటివైపు తొక్కుకుంటూ రావాలని నేనే చెప్పాను. “ఇంటిమొగం పట్టిన ఎద్దుకు ముల్లుకర్ర అక్కర్లేదు” అన్నాను. అందరం సేద్యగాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లమే, అందరూ తలలూపారు. పైగా సముద్రం పక్కన గట్లేముంటాయి, నిద్రపోతూ తొక్కొచ్చు అనుకున్నాం.

సామాన్లకు వి.కోట నుంచి లోకేష్ వ్యాను మాట్లాడాం. వంటకు చిన్నక్కను అడిగాను.

“వంట సేస్తా సార్. అయితే నేనూ తొక్కుతా.”

నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. వ్యానుకు కట్టడానికి, ఆమెను అడక్కుండానే రాయించిన బ్యానరు అప్పుడే తయారై వచ్చింది. తొమ్మిది పేర్లు పెద్ద అక్షరాల్లో, అట్టడుగున సన్నగా ‘వంట: చిన్నక్క’. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది.

“టీ ఎవురు తెచ్చినారంటే చిన్నక్క. ఫైలు ఎవురు ఎత్తకచ్చినారంటే చిన్నక్క. యాడికన్నా ఎవురెవురు పోయినారంటే మాత్రం నా పేరుండదు. ఈ ఒక్కసారి పోయినోళ్లలో ఉండాల సార్ నా పేరు. ఈడినుంచి ఆ పైకి పోవాలంటే ఏం సెయ్యాల?”

అప్పుడే సరేనని రాసి ఉంటే నా సొమ్మేం పోయేది? కానీ నాకు రూల్సు పిచ్చి. తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాశాను. ఒకటి, వ్యాను ఎక్కినవాళ్లు ఎవరైనా సరే, పేరు కొట్టేస్తాం. రెండు, చిన్నక్క ప్రతిరోజూ చివరి మనిషి చేరిన గంటలోపు చేరాలి. ఒక్కరోజు తప్పినా మర్నాటి నుంచి వ్యానులోనే, పేరు అడుగునే. ఆమె సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని నా జేబులోనే పెట్టుకున్నాను, ఘనకార్యం చేసినట్టు.

ఇచ్ఛాపురం దగ్గర మొదటిసారి సముద్రం చూడగానే కుప్పం బ్యాంకులో పనిచేసే రోజా కేకలు పెట్టి చెప్పులతోనే నీళ్లలోకి పరిగెత్తింది. చిన్నక్క సైకిలు పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇదీ నా మాదిరే ఉండాదే, ఒగచోట నిలవదు,” అంది.

పది గంటలకు గాలి మొదలైంది. మా వైపు గట్టెక్కేటప్పుడు ప్రాణం పోయినా, దిగేటప్పుడు కాళ్లకు సెలవు. ఎక్కిన గట్టుకు దిగుడుంటుందని చిన్నప్పటి నుంచి వింటాం. ఇక్కడ ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. తొక్కడం ఆపితే సైకిలు ఆగిపోతుంది. ఎదురుగాలి రొమ్ము మీద చేయి పెట్టి నెడుతూనే ఉంటుంది, సాయంత్రం దాకా. నాలుగో రోజు కళింగపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా ముఖాలు చూసి, ఎటు పోతున్నారని అడిగి, పడీపడీ నవ్వాడు.

“ఈ రోజుల్లో గాలి దక్షిణం నించి కదా బాబూ కొడతాది! అటు నించి ఇటు రావాల గానీ, ఇటు నించి అటు ఎల్తారేటి?”

రోజా నా మీదికి లేచింది. “ఎద్దంట, ముల్లుకర్రంట! ఒక్క ఫోను కొట్టి కనుక్కోనుంటే ఏం పోయిండేది సార్?”

తప్పు నాదని తెలిసి ఇంకా గట్టిగా అరిచాను. ఇద్దరు రైలెక్కి ఇంటికి పోతామన్నారు. ఆ గొడవలో చిన్నక్కను ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం పట్టించుకున్నాను. ఆ రోజు ఆమె యాభై అయిదు నిమిషాలు వెనకబడి వచ్చింది. నేను వాచీ చూస్తూ రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వచ్చిన మనిషి చెంబుడు నీళ్లు తాగి, సంగటి కెలుకుతూ మొదలుపెట్టింది. “గాలిని తిట్టి ఏం లాబం సార్? కళ్లంలో రాగులు తూర్పార పట్టేదానికి గాలి కోసరం కాసుకోనుండేవాళ్లం. అది ఎప్పుడొస్తాదో, ఎప్పుడు పడిపోతాదో మాకు తెలుసు. ఈడ నాలుగు దినాలుగా సూస్తాండా. తెల్లారేటప్పుడు గాలి లేదు. నాలుగున్నరకు బయలెల్లితే పదికంతా సగానికి పైన అయిపోతాది.”

“ఆ తర్వాతో?” అన్నాను ఎకసెక్కంగా.

“తూర్పార పట్టేటప్పుడు ఆడోళ్లం ఒకరి పక్కన ఒకరం సరిగ్గా నిలబడం సార్. ఏటవాలుగా నిలబడతాం. లేకుంటే ఒకరి పొట్టు ఇంకొకరి రాశి మీద పడతాది. అట్లనే తొక్కుదాం. గాలి సముద్రం పక్కనుంచి ఏటవాలుగా వస్తాండాది. ముందరుండే మనిషి గాలికి అడ్డం, మిగతావాళ్లు వాళ్ల చాటున ఒకరి పక్కకు ఒకరు. ముందరోళ్లకు ఆయాసమొస్తే మారేది.”

మర్నాడు తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, అట్లాగే తొక్కాం. గాలి లేచాక కూడా మూడు వంతుల బరువు తగ్గింది. ఇంటికి పోతామన్నవాళ్లు నోరెత్తలేదు. దానికి ‘తూర్పార వరస’ అని రోజా పేరు పెట్టింది. అందరూ ఆ వరసలో ఉండేసరికి చిన్నక్క వెనకబడడమన్న మాటే లేకపోయింది. నా గడియారానికి పని పోయింది.

ఒక్కటే పేచీ. ఆమె ముందు పోయిందంటే మారదు. “మారు చిన్నక్కా!” అని గొంతు చించుకున్నా వినదు. “ఒకరి ఈపు సూస్తా తొక్కేది నా వల్ల కాదు సార్.” గోదావరి పాయలు దాటాం, బందరు దాటాం. మా అందరి చర్మాలూ పొట్టులేచిపోయాయి. సాయంత్రం మేము చాప మీద శవాల్లా పడి ఉంటే, ఆమె వంట చేసి, గిన్నెలు తోమి, సైకిళ్ల చైన్లు తుడిచి, ఇంకేం పని లేక వ్యాను చుట్టూ తిరిగేది. సూర్యలంక దగ్గర నాకు ఒళ్లు మండింది.

“కూర్చోవే తల్లీ! నిన్ను చూస్తేనే నా కాళ్లు పీకతాండాయి. ఆ స్టూలు మీదా కూర్చోవు, ఈ ఇసకలోనూ కూర్చోవు. ఏం రోగం నీకు?”

ఆమె తిరగడం ఆపింది. కానీ నిలబడే ఉంది.

“కొండప్ప ఆ స్టూలు మీదే పోయినాడు సార్. మీరు అప్పుటికి ఈ కాలేజీకి రాలేదు. మద్దేనం కూసోనున్నోడు కూసున్నట్టే పోయినాడు. లోపలనుంచి బెల్లు కొడతానే ఉండారంట. నిద్రపోతాండాడని అప్పుటి ప్రిన్సిపాల్ సారు బయటికొచ్చి తిట్టినారంట, తాగొచ్చినావా అని కూడా. పోయినోణ్ణి తిట్టినారు. నేను కూసుంటే నాకు అదే మతికొస్తాది. బెల్లు కొడతారు, నేను లేయను, అట్లనే అయిపోతాదని బయం. కాళ్లాడతా ఉంటే ఉండానని తెలుస్తాది కదా.”

పదేళ్లుగా ఆమెను కాలు కాలిన పిల్లి అని ఎగతాళి చేసింది నేనే. పోయి ఒక గ్లాసు టీ పోసి తెచ్చిచ్చాను. నిలబడే తాగింది.

చివరి రోజు గూడూరు నుంచి బయలుదేరాం. నలభై ఐదు కిలోమీటర్లే, మాకిప్పుడది లెక్కా? అందరికీ ఒళ్లు తెలియని హుషారు. వాకాడు దాటాక రోజావాళ్లు వరస వదిలేసి పందెం వేసుకుని ముందుకు పోయారు. ఇంకో ఎనిమిది కిలోమీటర్లుందనగా నా ఎడమ పిక్క పట్టేసింది. ఎప్పుడో ఫుట్‌బాల్లో విరిగిన కాలు. సైకిలు మీంచి కిందపడి, రోడ్డు పక్క ఇసకలో ‘అమ్మా’ అని అరిచాను. వెనక వస్తున్న లోకేష్ వ్యాను ఆపి తలుపు తీశాడు.

“ఎక్కండి సార్. ఎవురికీ సెప్పనులే.”

ఎక్కితే పేరు పోతుంది. రాసింది నేనే. పంతొమ్మిదిన్నర రోజులు తొక్కి, బ్యానరు మీద మొదట ఉన్న నా పేరు నేనే కొట్టేసుకోవాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు, నాకు ఏడుపు వచ్చింది. అంతలో ముందుపోయిన చిన్నక్క వెనక్కి తిరిగి వస్తోంది.

“లేయండి సార్, నడుద్దాం. వ్యాను ఎక్కకూడదని రాసినారు గానీ, నడవకూడదని రాయలేదు కదా.”

“నీకేమన్నా పిచ్చా? కుంటుకుంటా నడిస్తే మూడు గంటలు పడతాది. వాళ్లు ఇంకో అరగంటలో చేరుకుంటారు. గంట దాటితే నీ పేరు పోతాది. పో చిన్నక్కా, నీకు పుణ్యముంటాది, పో!”

ఆమె నా సైకిలు లేపి నిలబెట్టింది. “చివరి మనిషి చేరినాక గంట అని కదా రాసినారు. ఇప్పుడు చివరి మనిషి ఎవురు సార్?”

“నేనే.”

“నేను మీ పక్కనే ఉంటే ఇంక ఆ గంట యాడ మొదులయితాది?”

లోకేష్ పకపకా నవ్వాడు. నేను నా సైకిలును ఊతంగా పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ నడిచాను.

ఒకచోట నిలవలేని మనిషి, నత్తలా నడిచే నా పక్కన, కొండప్ప సైకిలు నెట్టుకుంటూ నడిచింది. మాటిమాటికీ నాలుగడుగులు ముందుకు పోవడం, నాలిక కరుచుకుని వెనక్కి రావడం. గాలి వచ్చే వైపు తానే నడుస్తోంది. సగం దూరం పోయాక నాకు రోషమొచ్చింది. కుంటుతూనే ముందుకు పోయి గాలికి అడ్డం నిలబడ్డాను.

“తూర్పారలో ముందరోళ్లు మారాల అని చెప్పింది నువ్వే. ఇరవై దినాలుగా ఒక్కసారన్నా మారినావా? రా, నా చాటుకు రా. లేకుంటే నేనీడే కూర్చుంటా.”

గొణుక్కుంటూ వచ్చింది. కొంతదూరం నడిచాక వెనక ముక్కు చీదిన చప్పుడైంది.

“ఏమైంది?”

“ఏం లేదప్పా. గాలి తగల్లేదు, అంతే. శానా ఏండ్లయింది.”

పదేళ్లలో నన్ను ఆమె సార్ అనకుండా అప్పా అనడం అదే మొదలు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

తూపిలిపాలెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా వాళ్లు పరుగున ఎదురొచ్చారు. సంగతంతా లోకేష్ ముందే పోయి ఊదేశాడు. బ్యానరు ఇసకలో పరిచి ఉంది. అడుగున ఉన్న ‘వంట’ వరసను కొట్టేసి, పైన తొమ్మిది పేర్ల కింద పదో పేరుగా, పెద్ద అక్షరాల్లో రోజా రాసి పెట్టింది. నేను జేబులోని కాగితం తీసి చించేశాను. చిన్నక్క బ్యానరు దగ్గరికి పోయి తన పేరును కూడబలుక్కుని చదువుకుంది. మళ్లీ చదువుకుంది. తర్వాత ఒక్కతే నీళ్ల వైపు పోయింది.

లోకేష్, రోజా కలిసి ఉప్మా చేశారు. ఆకులు వేశాక అందరినీ పిలవడానికి లోకేష్ వ్యాను హారను కొట్టాడు. అందరూ వచ్చారు. చిన్నక్క రాలేదు. మళ్లీ కొట్టాడు. దూరంగా, తడి ఇసక అంచున, ఒక మనిషి కూర్చుని ఉంది. కాళ్లు బారజాపి, తల ఒక పక్కకు వాలి, కదలకుండా. హారను మోగుతోంది, ఆమె లేవడం లేదు.

పట్టేసిన కాలు ఏమైందో తెలియదు, పరిగెత్తాను. “చిన్నక్కా! ఓ చిన్నక్కా!” దగ్గరికి పోయి భుజం పట్టుకుని కుదిపాను. ఇసకలో మోకాళ్ల మీద పడ్డాను.

ఆమె కళ్లు తెరిచింది. అల ఒకటి వచ్చి ఆమె పాదాలు తడిపి పోయింది.

“యాల అట్ల అరుస్తావప్పా? ఉండాను. కూసోనుండాను, అంతే.”