సూక్ష్మశునక స్రష్ట మా రాజమల్లు బావ

సూరత్ తెలుగువారిలో 'టీకప్పు రాజమల్లు'గా సుప్రసిద్ధుడు, మా అక్క భర్త రాజమల్లు బావ రెండు వారాల కిందట దివంగతుడయ్యాడు. కామ్‌రేజ్ ఇంట్లో కుక్కపిల్లను తూస్తూ తూస్తూ గుండె ఆగి, త్రాసు పక్కనే ఒరిగిపోయాడట. నేను అడాజన్‌లో ఒక పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. ఆ వార్త అందేసరికి ఆయన కుక్క గౌరికే కుట్లు విప్పుతున్నాను. మిగిలిన కుట్లు కూడా విప్పేసి బయల్దేరాను.

సంఘం పత్రికకు నాలుగు మంచి మాటలు రాయమని పెద్దలు అడిగారు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గదా, రాస్తున్నాను. దశదినకర్మ నాడు అక్క కూడా నా చెయ్యి పట్టుకుని ఒకటి అడిగింది. "తమ్మీ, బావ పేరు నిలవెట్టు. నాలుగు ఆడకుక్కలు ఉన్నయి. వాటితోని పిల్లల తీపిచ్చి అమ్మే పని ఇగ నువ్వే నడుపు" అంది.

బావ కరీంనగర్ పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్లు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడ్డ శ్రమజీవి. మిల్లు మూతపడ్డాక అరచేతిలో, టీకప్పులో ఇమిడే కుక్కల సృష్టికి పూనుకున్నాడు. "కుక్క ఎంత చిన్నగుంటె కొన్నోడు గంత పెద్దగ కనవడ్తడు" అన్నది ఆయన సూక్తి. ఆల్థాన్ ఫ్లాట్ల ఇల్లాళ్లు వచ్చి "కేట్లుం నానుం ఛే!" అని, ఎంత చిన్నదో అని, మురిసిపోయేవారు. అన్నిటికంటే చిన్న మగదాన్ని అన్నిటికంటే చిన్న ఆడదానితో కలిపేవాడు; అవి ఒక తల్లి పిల్లలైనా సరే. పిల్లలు ఎదగకుండా పాలు చుక్కల లెక్కన పోసేవాడు. ఆకలితో సొమ్మసిల్లితే చిగుళ్లకు చక్కెర నీళ్లు రాసేవాడు. అయినా ఒకటి చచ్చిపోతే కంట తడి పెట్టేవాడు కాదు. "పోగు తెగితె ముడేసి నడుపుడే. సాంచె ఆపుతమా?" అనేవాడు. అంతటి స్థితప్రజ్ఞుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఆ తల్లులకు కటి ఇరుకు, సహజ ప్రసవం అసాధ్యం. గౌరి కడుపు మూడుసార్లు కోశాం. ఇంకోసారి క్రాసింగ్ చేయిస్తే ఇది బతకదని మా డాక్టరు హెచ్చరిస్తే, బావ నా వైపు తిరిగి, "గదే నేను గూడ అంటున్న. బతికున్నప్పుడే జల్ది చేయించాలె" అన్నాడు. అంతటి దూరదృష్టి మా డాక్టరుకు కూడా లేదు.

సునీతగారి సంగతి రాయకుండా ఉండలేను. కాకినాడ ఆవిడ, భర్త హజీరాలో ఇంజినీరు, ఇద్దరు బిడ్డలను పెంచిన తల్లి. ఆవిడ కొన్న కుక్కపిల్లను చేతికిస్తూ బావ, "మాడు జర మెత్తగుంటది మేడం, పసిపిల్ల లెక్క సూస్కోండ్రి" అన్నాడు. బిడ్డల మాడు ఏడాదిన్నరకు పూడుతుంది. ఈ కుక్కల్లో చాలావాటికి ఎన్నటికీ పూడదు, చిన్న దెబ్బ చాలు. అది నాకు తెలుసు. తెలిసీ పక్కన నిలబడి "అవునమ్మా, పసిపిల్లలాగే" అన్నాను. ఆసుపత్రి వాణ్ణని ఆవిడ నమ్మింది.

మూడోనాడు దాన్ని తువాలులో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. "మా అత్తగారు మా పిల్లలకి చేసినట్టే స్నానానికి ముందు మాడుకి ఆముదం పెట్టి తట్టానండీ. కొట్టుకుని కొట్టుకుని ఊరుకుంది. నిద్రపోయిందంటారా?" అని అడిగింది. నేను తువాలు తిరిగి కప్పాను. బావకు ఫోన్ చేస్తే, "తట్టుమని ఎవలు జెప్పిండ్రు? నా పేరు కరాబ్ జేసిందిరా" అని నిజంగానే బాధపడ్డాడు. ఆయన బాధపడగా చూసింది అదొక్కసారే. నాకు ఆనాటి నుంచి నా మీదే అసహ్యం.

నిన్న టీకాలని అక్కకు అబద్ధం చెప్పి నాలుగింటినీ ఆసుపత్రికి తెచ్చి గర్భసంచులు తీయించాను. మూడు కుక్కలు కళ్లు తెరిచాయి. గౌరి తెరవలేదు. మత్తు తట్టుకోలేదని డాక్టరు అన్నాడు. తట్టుకోకపోవచ్చని ముందే చెప్పాడు కూడా.

సంగతి చెప్పగానే అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీ బావ మొన్న సచ్చిండు, ఇయ్యాల నువ్వు సంపినవ్. నా గడప తొక్కకు" అంది.

మహానుభావుడికి నా నమస్సులు. ఆయన లేని లోటు ఎన్నటికీ తీరదు. తీరకుండా దగ్గరుండి నేనే చూసుకున్నాను.